దారి లెక్క

అనంతపురము జిల్లాలో గుత్తి మిక్కిలి పురాతనమైన పట్టణము. పట్టణమునకు మీదుగా నిలిచిన కొండపై గొప్ప దుర్గము కలదు. చుట్టును ఎఱ్ఱనేల, నల్లనేల, నడుమ నడుమ రాతిగుట్టలు. ఏడాది మొత్తముమీద సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడినచో ఆ సంవత్సరము మంచిదే యని రైతులు సంతోషింతురు. చెట్టు చేమల అడ్డము అంతగా లేనందున కొండపైనుండి చూచువానికి దారులన్నియు అరచేతి రేఖలవలె కనబడును. దుర్గపు అంచున నున్నటి సున్నపు గచ్చుతో కట్టిన చిన్న మంటపము ఒకటి యున్నది. దానికి మురారిరావు గద్దె యని పేరు. పదునెనిమిదవ శతాబ్దమున గుత్తి నేలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుండి చదరంగము ఆడుచుండెడివాడని చెప్పుదురు. చదరంగము మాట ఎట్లున్నను, అక్కడ కూర్చున్నవానికి క్రింది ఊరంతయు, ఊరిని చేరు బాటలతో సహా, కనబడుట మాత్రము నిజము. ఏ దిక్కున దుమ్ము లేచినను అది గుఱ్ఱపు దండో, ఎద్దుబండ్ల వరుసో, గొఱ్ఱెల మందయో కావలివానికి అప్పటికప్పుడు తెలిసిపోవును. దారిపై ఏమి నడచుచున్నదో అది నడచుచుండగనే తెలిసికొను విద్యకు ఇది మొదటి మెట్టు. దానికి అయిన ఖర్చు ఒక ఎత్తైన చోటు, ఒక జత కన్నులు, ఆ కన్నులవానికి రెండుపూటల కూడు.

చూచుట వేఱు, చూచినదానికి తగిన పని చేయగలుగుట వేఱు. 1775-76 లలో హైదరాలీ సేనలు వచ్చుట మురారిరావునకు కనబడకపోలేదు. కాని ముట్టడి సాగినకొలది కోటలోని నీరు తరిగిపోయెను. కోట లొంగక తప్పలేదు.

ఇప్పుడు గుత్తి మీదుగా పోవు దారి ఆనాటి బండ్లబాట కాదు. శ్రీనగరునుండి కన్యాకుమారి వరకు 3,700 కిలోమీటర్లకు పైగా సాగు 44వ జాతీయ రహదారి హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచు ఈ ఊరిని తాకును. కర్ణాటకమునుండి బళ్లారి, గుంతకల్లుల మీదుగా వచ్చి, తాడిపత్రి దిక్కుగా సాగి, కృష్ణపట్నము రేవును చేరు 67వ జాతీయ రహదారి ఇచ్చటనే దానిని కలియును. 2010లో అంకెలు మారక పూర్వము మొదటిది 7, రెండవది 63. ఆ 63వ రహదారి పడమటి సముద్రపు ఒడ్డున అంకోలాలో బయలుదేరి గుత్తిలో ముగిసెడిది. మురారిరావు గద్దెపై నేడొక కావలివానిని కూర్చుండబెట్టినచో వానికి కారులు, లారీలు చీమలబారువలె కనబడును. కాని ఎన్ని పోయినవి, ఎంత వేగముగ పోయినవి, ఏ చోట నిలిచిపోయినవి అని అడిగినచో వాడు తెల్లమొగము వేయును. చీకటి పడినపిమ్మట దీపములే గాని బండ్లు కనబడవు.

దారిని ఇట్లు కనిపెట్టియుండుటకు రెండు ప్రయోజనములు గలవు. ఆ రెండును ఒకటి కావు. రోడ్డు వేయువారికి కావలసినది లెక్క. ఎన్ని బండ్లు పోవుచున్నవో తెలిసినగాని రోడ్డు ఎంత వెడల్పు ఉండవలెనో, ఎంత మందము వేయవలెనో, ఏ పల్లె చెంత మనుష్యులును పశువులును రోడ్డు క్రిందుగా దాటిపోవుటకు త్రోవ విడువవలెనో నిర్ణయించుటకు వీలులేదు. ఈ లెక్క నెల దినములు ఆలస్యముగా చేరినను మునిగిపోవునది లేదు. దారిలో నున్నవారికి కావలసినది వార్త. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది. నేడు ఆ బండ్లు పల్లెపల్లెకును పోవుచున్నవి. అట్టి బండి యొకటి పురిటినొప్పులు పడుచున్న యొక తల్లిని ఎక్కించుకొని, గుత్తినుండి సుమారు 50 కిలోమీటర్ల దూరముననున్న అనంతపురము పెద్దాసుపత్రికి బయలుదేరినదనుకొన్నచో, ముందు పది కిలోమీటర్లలో లారీ బోల్తాపడి రోడ్డు మూసికొనిపోయిన సంగతి డ్రైవరునకు అప్పుడే తెలియవలెను. మఱునాడు పత్రికలో చదివినందువలన ప్రయోజనమేమి? లెక్క చౌకగా దొరకవచ్చును గాని వార్త ఏనాడును ఖరీదైనదే. వార్త కావలెనన్నచో కన్ను రెప్పవేయరాదు.

భారతదేశమున రోడ్ల నిర్మాణమునకు నియమములు వ్రాయు సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. అది 1934లో ఏర్పడినది. ఊరి వెలుపలి రోడ్లపై రాకపోకలను లెక్కించు విధానమును ఆ సంస్థ 1972లో ప్రకటించెను. దాని ప్రకారము ఏడాదికి కనీసము రెండుసార్లు, ఒక్కొక్కసారి వరుసగా ఏడు దినములు, రేయింబవళ్లు ఇరువదినాలుగు గంటలును దారిప్రక్క కూర్చుండి లెక్క వ్రాయవలెను. ఒక లెక్క పంటలు కోసి అంగడికి చేర్చు కాలమున, మఱియొకటి బండ్లు ఖాళీగానుండు కాలమున. వ్రాయు పద్ధతి పిల్లలాటవలె నుండును. ఒక్కొక్క బండికి ఒక్కొక్క నిలువుగీత. ఐదవ బండికి నాలుగు గీతల మీదుగా ఒక ఏటవాలు గీత. గీతలు కట్టలు కట్టలుగా పెరుగును. గంట ముగియగనే కూడి అంకె వేయుదురు.

చెప్పుటకు సులభమే. గుత్తి ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. తాటాకు పందిరియో గుడ్డ గుడారమో నీడనిచ్చును గాని గాలిని చల్లబరుపదు. లారీ పోయిన ప్రతిసారి దుమ్ము లేచి కాగితముపై పడును. రాత్రివేళ ఎదురుగా వచ్చు దీపములు కన్నులలో సూదులు గ్రుచ్చినట్లుండును. ఆ వెలుతురు వెనుక నున్నది బస్సో లారీయో, బండి దాటిపోవు అరక్షణములో పోల్చుకొనవలెను. నాలుగవ జాము వచ్చుసరికి నిద్ర ముంచుకొనివచ్చును. అప్పుడు గీతలు తగ్గినవనినచో బండ్లు తగ్గెనో, కన్నులు మూసుకొనిపోయెనో ఎవరు చెప్పగలరు?

ఖర్చు సంగతి చూడుడు. ఒక చోట రోడ్డునకు ఇరువైపుల ఇద్దరేసి, రోజునకు మూడు వంతులుగా పనిచేసినచో పన్నెండుగురు కావలెను. ఏడు దినములకు 84 దినముల కూలి. రెండుసార్లకు 168. ఇంత చేసినను చూచినది 14 దినములే. తక్కిన 351 దినములును ఆ దారిని చూచినవారు లేరు. ఏడాది పొడుగునా చూడవలెనన్నచో ఒక్క చోటికే 4,380 దినముల కూలి యగును. 44వ రహదారి పొడుగునా పది కిలోమీటర్లకొక గుడారము వేసినచో 370 గుడారములు, 4,440 మంది మనుష్యులు! ఇంతమందిని పెట్టినను గుడారమునకు గుడారమునకు నడుమ ఏమి జరుగుచున్నదో తెలియదు. దారిని మనుష్యులచే కావలి కాయించుట మురారిరావు నాటికి చౌకయే గాని, నేటికి సాధ్యమగు పని కాదు.

అయినను ఈ చేతిలెక్కలో ఒక న్యాయమున్నది. కాగితముపై కారునకే గాక సైకిలునకు, తోపుడుబండికి, ఎద్దుబండికి కూడ గడులుండును. వీనినన్నిటిని ఒకే కొలతకు తెచ్చుటకు ఒక పట్టిక కలదు. 1990లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకటించిన పట్టికలో కారునకు విలువ ఒకటి. మోటారుసైకిలు, సైకిలు అరయేసి. లారీ గాని బస్సు గాని మూడు. తోపుడుబండి మూడు. గుఱ్ఱపుబండి నాలుగు. ఎద్దుబండి ఎనిమిది! ఎద్దుబండి ఎనిమిది కారులకు సమానమన్నచో నగరపు పిల్లలు నవ్వవచ్చును. కాని ఇది బండి వెలను బట్టి వేసిన విలువ కాదు. అది మెల్లగా నడచును. వెనుక వచ్చువానిని నడక తగ్గించుకొమ్మనును. ఆ తీరున రోడ్డుపై అది ఎనిమిది కారులు ఆక్రమించునంత చోటును ఆక్రమించినట్లే యగును. పేదవాని బండి రోడ్డుమీద ఎంత పెద్దదో ఇంజనీర్ల పట్టిక ఒప్పుకొన్నది.

మనుష్యునికి మారుగా యంత్రమును నిలుపుట తరువాతి యత్నము. రోడ్డునకు అడ్డముగా రబ్బరు గొట్టమును పఱచుదురు. చక్రము ఎక్కగనే గొట్టములోని గాలి ఒత్తుకొని చివరనున్న మీటను తట్టును. మీట తట్టిన ప్రతిసారి అంకె పెరుగును. ఇది చౌకయే. కాని గొట్టము లెక్కించునది బండ్లను కాదు, ఇరుసులను. రెండు ఇరుసులకు ఒక బండి యని దాని లెక్క. ఆరు ఇరుసుల పెద్దలారీ మూడు బండ్లగును. ఒంటి ఇరుసు ఎద్దుబండి అరబండి యగును. పట్టికలో ఎనిమిది కారుల విలువగలది గొట్టము చేతిలో అరబండియైపోయినది. రోడ్డును కోసి తీగచుట్టలను పాతిపెట్టు పద్ధతి మఱియొకటి కలదు. ఇనుము పైనుండి పోయినచో తీగలోని విద్యుత్తు చలించును. పాశ్చాత్య దేశములలో బండ్లు గీతలు దాటక వరుసలలో పోవును గనుక అది చక్కగా పనిచేయును. ఇచ్చట ఒక వరుసలో మూడు మోటారుసైకిళ్లు ప్రక్కప్రక్కనే పోవును. వాని సందున ఒక ఆటో దూరును. తీగకు అదంతయు ఒకే ఇనుపముద్ద. కెమెరాలు వీనికంటె మేలు; వానికి తెలివిని నేర్పు విద్యయు ఈ మధ్య బాగుగా పెరిగినది. అయినను స్తంభము, కరెంటు, తీగ, వెనుకనొక కంప్యూటరు, వీనిపై దుమ్ము తుడుచుటకొక మనిషి, ఇవన్నియు తప్పవు. నగరపు నాలుగురోడ్ల కూడలిలో ఆ ఖర్చు చెల్లును గాని మెట్టభూముల నడుమ ప్రతి మైలునను చెల్లదు.

దారిని చూచుట ఇట్లు ఖరీదైనపుడు కొందరికి వేఱొక ఆలోచన పుట్టెను. బండిని చూడనేల? బండి తనంతట తానే ఏదో యొకటి చెప్పుచున్నది గదా, దానిని విన్నచో చాలదా? బండి చెప్పునది హారను మ్రోత. ఈ దేశమున దానికి కరవు లేదు.

గుత్తి రైల్వే జంక్షను. ఇచ్చటి పిల్లలకు ఒక సంగతి పుస్తకములలో చదువక పూర్వమే చెవులకు తెలిసియుండును. కూత వేయుచు వచ్చు రైలు దగ్గరకు వచ్చునపుడు కూత సన్నగా, హెచ్చుస్థాయిలో వినబడును; దాటిపోగనే ఒక్కసారి దిగిపోయి బొంగురుగా వినబడును. రైలులోని డ్రైవరునకు మాత్రము కూత ఒకే తీరుగ నుండును. ధ్వని తరంగములుగా ప్రయాణము చేయును. కూత వేయు వస్తువు ఎదురుగా వచ్చుచున్నపుడు తరంగములు ముందువైపు దగ్గరదగ్గరగా ఒత్తుకొనును. వెనుకవైపు ఎడమెడముగా సాగును. ఈ సూత్రమును 1842లో డాప్లర్ అను ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు చెప్పెను. ఆయన ఆలోచించినది నక్షత్రముల వెలుగును గూర్చి. అది చెవికి సంబంధించినంతవరకు నిజమో కాదో పరీక్షించినవాడు హాలెండు దేశీయుడగు బైస్ బాలట్. 1845లో ఆయన బూర లూదువారిని రైలుబండి నెక్కించి, సంగీతజ్ఞానము గలవారిని పట్టాల ప్రక్క నిలువబెట్టి స్వరములను పోల్చించెను.  శిక్షణ గల చెవులే యంత్రములు.

బొంబాయిలోని భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థకు చెందిన రిజురేఖా సేన్, భాస్కరన్ రామన్ మొదలైనవారు 2010లో ఈ సూత్రమునే రోడ్డు ప్రక్కకు తెచ్చిరి. లారీల వెనుక వ్రాయు "హారన్ ఓకే ప్లీజ్" అను మాటలనే తమ పరిశోధనకు పేరుగా పెట్టుకొనిరి. వారు రోడ్డు ప్రక్క కొంత ఎడముగా రెండు ధ్వనిగ్రాహకములను నిలిపిరి. బండి రెండింటి నడుమనుండి హారను కొట్టినచో ఒకదానికి అది ఎదురు వచ్చుచున్న ధ్వని, రెండవదానికి దూరమగుచున్న ధ్వని. ఈ రెండు స్వరములను పోల్చినచో బండి వేగము తెలియును. లెక్క ఎనిమిదవ తరగతి పిల్లలకు అందనిది కాదు. ధ్వని వేగము సెకనుకు 340 మీటర్లు అనుకొన్నచో, సెకనుకు 20 మీటర్ల వేగముతో, అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, సెకనుకు 400 కంపనముల హారను కొట్టినపుడు, ముందున్న గ్రాహకమునకు 425, వెనుకనున్నదానికి 378 కంపనములు వినబడును. ఈ రెండు అంకెల భేదము 47, మొత్తము 803. భేదమును మొత్తముచే భాగించి 340 చే హెచ్చించినచో 20 మీటర్లకు చాల దగ్గరగా వచ్చును. ఆ హారను అసలు స్వరమెంతయో తెలియనక్కరయే లేదు. ఏ కంపెనీ హారనైనను సరే. బండ్లు వరుసగా పోనక్కరలేదు, రోడ్డును కోయనక్కరలేదు, రాత్రి పగలు అను భేదము లేదు. వేగములు తగ్గినవనగా దారి క్రిక్కిరిసినదని అర్థము. చెవులు చిల్లులుపడునట్లు చేయు చెడ్డ అలవాటునుండి పనికివచ్చు సాధనమొకటి పుట్టినది. 2012లో అదే సంస్థవారు రోడ్డునకు ఒకవైపునుండి రేడియో తరంగములను పంపి, మఱియొకవైపు అందుకొని, నడుమ నిలిచిన బండ్ల వరుస వానిని ఎంత బలహీనపఱచునో చూచి దారి రద్దీని తెలిసికొను ఉపాయమును కూడ కనిపెట్టిరి.

ఇవి నగరములకు తగిన ఉపాయములు. గుత్తి దాటిన పిమ్మట విశాలమైన రహదారిపై అర్ధరాత్రి ఒంటరిగా పోవు లారీ ఎవరికొఱకు హారను కొట్టును? కొట్టనిచో చెవి గల యంత్రమును చెవిటిదే.

అంతకుముందే, ఈ రహదారిపైననే దక్షిణమున నున్న బెంగుళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలవారు 2008లో మఱియొక త్రోవ త్రొక్కిరి. ప్రయాణికుని జేబులోని సెల్ ఫోనుకు కుదుపు తెలియును, మ్రోత తెలియును, తానున్న చోటు తెలియును. అట్లయినచో యంత్రమును రోడ్డు ప్రక్క పాతనేల, అది జేబులలో తిరుగుచుండగా? ఫోను కుదుపునుబట్టి గుంటలను, ఆగుటనుబట్టి రద్దీని, మైకునుబట్టి హారనులను పట్టుకొనవచ్చునని వారు చూపిరి. బ్యాటరీ త్వరగా ఖాళీ కాకుండుటకై, తక్కువ శక్తి పీల్చు అవయవములను మాత్రము ఎల్లప్పుడు మేల్కొల్పి యుంచి, అవసరమైనపుడే తక్కినవానిని లేపు పద్ధతిని పెట్టిరి. గూగుల్ కంపెనీవారు కోట్లకొలది ఫోన్లు పంపు స్థాన సమాచారమును కూర్చి, దారిపటముపై రద్దీని ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ రంగులలో చూపుచున్నారు. ఎవరి ఫోనో తెలియకుండ పేర్లు తొలగించుదుమని చెప్పుదురు. 2012లో హైదరాబాదు మొదలైన కొన్ని భారత నగరములకు ఈ సౌకర్యము వచ్చినది. యంత్రము వెలను ప్రయాణికుడే చెల్లించును; కరెంటు అతనిదే; దానిని మోయు శ్రమయు అతనిదే. దారిని కనిపెట్టు ఖర్చు ఒక్కసారి నేలకు దిగినది. 108 డ్రైవరు చేతిలోని ఫోనులో ముందుదారి ఎఱ్ఱబడినచో అతడు వెంటనే వేఱు త్రోవ పట్టవచ్చును. ఇది చిన్న మేలు కాదు. దారి ప్రజలదైనను దారి లెక్కల పుస్తకము మాత్రము ఒక కంపెనీ పెట్టెలో నున్నదను సంగతి అక్కడక్కడ గొణుగుడుగా వినబడుచుండును. ఆ గొణుగుడు న్యాయమైనదే.

ఈ లెక్క ఎట్లు తప్పగలదో 2020లో బెర్లిను నగరమున సైమన్ వెకెర్ట్ అను కళాకారుడు అందరికిని చూపెను. అతడు 99 ఫోన్లను ఒక చిన్న తోపుడుబండిలో పోసికొని, ఖాళీ వీధిలో మెల్లగా లాగుకొనుచు నడచెను. పటముపై ఆ వీధి ఎఱ్ఱబడెను. బండ్లు క్రిక్కిరిసి కదలలేకున్నవని యంత్రము భ్రమపడినది. భారతదేశపు పట్టికలో తోపుడుబండి విలువ మూడు కారులు. బెర్లినులో అదే తోపుడుబండి తొంబదితొమ్మిది బండ్లయినది. గుత్తి సంతకు ఫోను లేని ముసలివాడొకడు ఉల్లిగడ్డలు వేసికొని త్రోసికొనివచ్చు తోపుడుబండి ఆ పటమున సున్న.

ఫోన్లే గాక మఱియొక చౌకలెక్క రహదారిపై ఏనాడో సిద్ధముగా నున్నది. అది టోల్ గేటు. పూర్వము కోటల చెంత సుంకరి కూర్చుండి బండికింత యని వసూలు చేసెడివాడు. వాని కవిలెయే దారి లెక్కయు నయ్యెడిది. గుత్తికి దక్షిణమున 44వ రహదారిపై కాసేపల్లి చెంత, ఉత్తరమున డోన్ దాటిన పిమ్మట అమకతాడు చెంత టోల్ గేట్లు గలవు. 2021 ఫిబ్రవరి నడిమినుండి సుంకము చెల్లించు బండ్లన్నిటికిని ఫాస్టాగ్ బిళ్ల తప్పనిసరియైనది. కారు అద్దమునకు అంటించు ఆ బిళ్లలో బ్యాటరీ లేదు. గేటు దగ్గరి యంత్రము పంపు రేడియో తరంగమునుండియే శక్తిని పుచ్చుకొని, ఆ శక్తితోనే తన సంఖ్యను మరల చెప్పును. డబ్బు కోసము పెట్టిన ఈ యేర్పాటులో రద్దీ లెక్క ఊరకనే దొరకును. ఒక గేటును ఎనిమిది గంటలకు దాటిన బిళ్ల రెండవ గేటు చెంత ఎప్పుడు పలుకునో చూచినచో నడిమి దారి ఎట్లున్నదో తెలియును. వందలకొలది లారీలు ఒక్కసారిగా అరగంట ఆలస్యముగా వచ్చుచున్నవనినచో నడుమ ఏదో జరిగినదన్నమాట. క్రొత్త స్తంభము పాతనక్కరలేదు, క్రొత్త మనిషిని పెట్టనక్కరలేదు.

కాని సుంకము లేనివానికి బిళ్ల లేదు. మోటారుసైకిలునకు సుంకము లేదు, పొలపు ట్రాక్టరునకు లేదు, ఎద్దుబండికి లేదు. సుంకరికి కనబడనివారు లెక్కకును కనబడరు. ఫోను లెక్క మోటారుసైకిలువానిని కొంతవఱకు పట్టుకొనును, వాని జేబులో ఫోను ఉండును గనుక. కాని వేరుశెనగ చేనినుండి పొద్దుగుంకువేళ రోడ్డు దాటి ఊరు చేరు కూలి స్త్రీలును, మేత వెదకుకొనుచు నూరు గొఱ్ఱెలతో రహదారికి అడ్డముగా నడచు కాపరియు అందులో లేరు. కాపరి దగ్గర ఫోను ఉన్నను అతడు యంత్రమునకు మెల్లగా నడచు ఒక చుక్క మాత్రమే. అతని వెనుక నూరు ప్రాణులున్నవని అది ఎఱుగదు. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా రెండుచక్రముల వాహనములపై పోవువారు, నూటికి 19 మందికి పైగా కాలినడకవారు. చౌకలెక్కలకు ఎవరు తక్కువగా కనబడుచున్నారో వారే ఎక్కువగా చనిపోవుచున్నారు. రోడ్డు క్రింద దాటుదారి ఎక్కడ విడువవలెనో ఆ లెక్కలను మాత్రమే చూచి నిర్ణయించినచో, బిళ్లలున్న కారులు ఎక్కువ పోవుచోట రోడ్డు ఇంకను వెడల్పగును; కూలివారు దాటుచోట ఇనుపకంచె వెలయును.

ఇందులకై చౌకలెక్కలను విడువనక్కరలేదు. చేతిలెక్కను వాని ప్రక్కన నిలిపినచో చాలును. ఏడు దినములు గుడారములో కూర్చున్నవారు వేయి బండ్లను లెక్కించినారనుకొన్నచో, అందులో బిళ్ల గలవి 400 అయినచో, బిళ్లల లెక్కను రెండున్నరచే హెచ్చించినగాని నిజము తేలదని తెలియును. ఆ గుణకము తెలిసిన పిమ్మట తక్కిన 351 దినములును గేటు యంత్రమే లెక్క చెప్పును. పన్నెండుగురు మనుష్యుల ఏడు దినముల కష్టము ఏడాదికంతటికి పనిచేయును. అయితే గుణకము ఏడాది పొడుగునా ఒకే తీరుగ నుండదు. తొలకరికి విత్తిన వేరుశెనగను కార్తికమాసపు రోజులలో పెరికి బండ్లకెత్తునపుడు ట్రాక్టర్లు, ఎద్దుబండ్లు రోడ్డెక్కును. అప్పుడది మూడు కావచ్చును. పొలములు బోసిపోయిన ఎండకాలమున రెండే కావచ్చును. పంటకాలమున నొకసారి, ఖాళీ కాలమున నొకసారి కూర్చుండి లెక్కింపవలెనని 1972లో వ్రాసినవారు ఫాస్టాగును ఎఱుగరు, సెల్ ఫోనును ఎఱుగరు. అయినను వారు చెప్పిన ఆ రెండు కాలములలోనే కూర్చుండవలెను. గుత్తి చెంత కూర్చుండువారు మాత్రము తమ కాగితముపై రెండు గడులు ఎక్కువగా గీసికొనవలసియుండును. ఒకటి కాలినడకన రోడ్డు దాటువారికి, మఱియొకటి మందలకు.